బోరుమోత క్యాసెట్టుకు అట్ట బొమ్మ

“కాపీ తీసి కోస్తానవ్వా. అసలు ఫోటో నీ దగ్గరే ఉంటాది కదా!”

“కాపీలో ఉండేదెవర్రా? మీ తాతా నేనూ కాదా? దినాలప్పుడు దండెయ్యాల, నీ బొమ్మ కోసేస్తామని మీ నాయన అడిగితేనే ఒప్పుకోలేదు. ఇప్పుడు నీ మోతకు కొయ్యల్లనా?”

“మోత అనొద్దవ్వా.”

“పాట ఉండాదా అందులో?”

“లేదు.”

“మరి మోతే.”

బెళుగుప్ప బస్టాండులో నాకూ మా మనవడు ఓబులేసుకూ జరిగిన తగాదా ఇది. కదిరిలో ఉద్యోగం చేసుకుంటూ వాడు రాగమూ తాళమూ లేని క్యాసెట్టు ఒకటి చేస్తున్నాడు. మా చేనిలో బోరు వేసిన రోజు బండి మోతను రికార్డు చేసి, దాన్నే మెలితిప్పి, పెంచి నింపాడట. అట్ట మీదికి పేపరు ముక్కలు, విత్తనాల సంచుల బొమ్మలు కత్తిరించి అంటిస్తున్నాడు. మధ్యలో వాళ్ల తాత ఒక్కడే ఉండాలట. ఆయనకున్నది ఒకటే ఫోటో, అందులో పక్కన నేనున్నాను. బతికున్న మనిషి ఉన్న ఫోటోకు దండ వేయరు. అందుకే మా గోడ మీద ఆయన లేడు. కాపీ వరకే సరేనన్నాను. ఫోటో ఇంకొకరి చేతికివ్వను గనుక నేనే పట్టుకొని బయల్దేరాను.

ఏడు గంటల బస్సులో అనంతపురం చేరి, కదిరి బస్సెక్కాం. కుడిపక్క కూర్చుంటే పొద్దుటి ఎండ తగలదు. హోటలు దండగని సంకటి ముద్దలు, చెనిక్కాయల పొడి కట్టుకొచ్చాను. బస్సులోనే తిన్నాం.

ముదిగుబ్బ దాటాక ఓబులేసు తన వాక్‌మన్ నా చెవులకు తగిలించాడు. రాళ్లు నమిలినట్టుంది. తీసి పారేద్దామనుకున్నాను. బయట ఎర్రనేల, గుట్టలు, ఎండిన చేలు వెనక్కి పోతున్నాయి. చూస్తుండగా అవి నిలిచిపోయి, మోతే కదులుతున్నట్టయింది. తెల్లటి దుమ్ము సీట్ల మధ్య లేచింది. అందులో ఆయన తలకు తువ్వాలు చుట్టుకొని నిలబడ్డాడు. నోరు కదులుతోంది, మాట వినపడదు. బోరు వేసిన రోజూ అంతే. పక్కనే నిలబడి “ఏమంటాండావ్?” అని నేను అరిస్తే, నా అరుపు ఆయనకు వినపడలేదు. ఇద్దరం ఊరికే నవ్వుకున్నాం.

పక్క సీటులో గాజులమ్ముకునే ఆమె నా మోచేయి తట్టింది.

“ఏం పాటక్కా? కండ్లార్పకుండా ఇంటాండావు!”

“పాట కాదమ్మా, మా చేన్లో బోరు.”

“నీళ్లు పడినాయా?”

“దుమ్ము పడినాది.”

ఆమె నవ్వి, దుమ్ము నిజంగానే వచ్చి పడినట్టు గాజుల మూటను కొంగుతో తుడిచింది.

మధ్యాహ్నానికి కదిరి చేరాం. వాడి గదిలో అట్ట చూశాను. అతుకుల మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలాడు.

“ఒగరికే జాగా పెట్టినావేమిరా? ఆ పొద్దు నేను ఆడ లేనా?”

“తాత ఏపిచ్చిన బోరు కదవ్వా.”

“ఆయన ఏపిస్తే? దుమ్ము నేను తినలేదా?”

వాడు ఆ ఖాళీని వేలితో కొలిచి చూశాడు.

తెల్లారి స్టూడియోలో కాపీ తీయించాం. కత్తెర నేనే తీసుకొని మా ఇద్దరి చుట్టూ కత్తిరించాను. మా ఇద్దరి మధ్యలో కత్తెర పెట్టలేదు. జాగా చాలక ఓబులేసు విత్తనాల బొమ్మలు కొన్ని పీకేసి మమ్మల్ని అంటించాడు. అసలు ఫోటో సంచిలో పెట్టుకొని మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కాను.