వేయని నారింజ పూత

2023 డిసెంబరు మొదటివారం. హనుమకొండలో ఒక పాత ఆడిటోరియం, దాని వెనక కిటికీ తెరుచుకోని గ్రీన్‌రూమ్. నటులు వేషం వేసుకునే గదిని అలా అంటాం కానీ, ఇన్నేళ్లలో పచ్చరంగు వేసిన గ్రీన్‌రూమ్ ఒక్కటీ నేను చూడలేదు. నేను మేకప్ మనిషిని. ముప్పై ఏళ్లుగా నాటక పోటీలకు, కాలేజీ వార్షికోత్సవాలకు, చర్చిల్లో క్రిస్మస్ నాటికలకు ముఖాలు దిద్దుతున్నాను. గొర్రెల కాపరులకు నేను అంటించిన గడ్డాలు మర్నాటిదాకా ఊడవని పేరు. ఆ పేరు నెత్తికెక్కిందేమో, ఆ సాయంత్రం చేయకూడని పని చేశాను.

అది బాగా పాతకాలపు హాస్య నాటకం. పెళ్లికొడుకునీ, అతని తండ్రినీ, ప్లీడరునీ ఒక అత్తగారు మాటలతోనే ముప్పుతిప్పలు పెట్టే కథ. దర్శకురాలు స్వప్న, హైదరాబాదులో నాటకం చదువుకుని వచ్చిన పిల్ల. మగ పాత్రలన్నీ ఆడపిల్లలకిచ్చి, అత్తగారి పాత్రను మాత్రం మగవాడికిచ్చింది. "ఎందుకమ్మా ఈ తలకిందులు?" అని అడిగితే, "మూతి మీద మీసముంటె సాలు, ఉత్త మాట సుత ఎట్ల చెల్లుతదో మందికి చూపియ్యాలె మామా" అంది. నాకు సగమే అర్థమైంది. అయినా తల ఊపాను.

అత్తగారి పాత్రకు ఆమె వెతికి పట్టుకొచ్చింది నెక్కొండ కొమురయ్య అన్నని. యాభై అయిదేళ్లుంటాయి. ఒకప్పుడు ఊరూరా నాటకాల్లో ఆడవేషాలు కట్టిన మనిషి. అన్న చీర కుచ్చిళ్లు పట్టుకుని నడిచొస్తే ముందు వరుసలో ఆడవాళ్లు తమ కొంగులు సర్దుకునేవారు. పాతికేళ్ల కిందట వేషం మానేశాడు. కారణం కూతురు సునీత. బడిలో పిల్లలు "చీర కట్టెటోని బిడ్డ" అని ఏడిపిస్తే ఇంటికొచ్చి అన్నం ముట్టలేదట. ఆ వారమే అన్న చీరల పెట్టె ఎవరికో ఇచ్చేసి మీసం పెంచాడు. ఇప్పుడు సునీత టీచరు. తండ్రి వేషం ఆమె ఒక్కసారీ చూడలేదు. ఈసారి వస్తానంది.

"మీసం తీసేసిన తమ్మీ" అన్నాడు అన్న, కుర్చీలో కూర్చుంటూ పైపెదవి తడుముకుని. "ఇంట్ల ఎవలు సచ్చిన్రని ఊరంత అడుగుతాండ్లు. అడగనీ. ఇయ్యాల నా బిడ్డ మూడో లైన్ల కూసుంటది. ఆడేషమంటె ఎక్కిరింపు కాదని దానికి ఒక్కపారి తెలిస్తె సాలు."

పాత కళాకారులకు ఒక పద్ధతుంది. మేకప్ పెట్టెకు దండం పెట్టి, అద్దానికి వీపు చేసి కూర్చుంటారు. ముఖం అప్పగించాక అద్దం అడగరు. అడిగితే మేకప్ మనిషి చేతిని అనుమానించినట్టు. అన్న కూడా అలాగే కళ్లు మూసుకున్నాడు.

మగముఖాన్ని ఆడముఖంగా మార్చడంలో అసలు కిటుకు గడ్డం దగ్గరుంది. ఎంత నున్నగా గీసినా అక్కడ నీలం నీడ మిగులుతుంది. దాని మీద ముందు నారింజ రంగు పూసి, ఆపైన ఫౌండేషన్, అంటే ఒంటిరంగు పూత, వేయాలి. దీన్ని బియర్డ్ కవర్ అంటాం. నారింజ లేకపోతే పైన ఎంత పూసినా స్టేజీ లైట్లలో ఆ నీలం బయటపడుతుంది.

అప్పటికే మొదటి సీను నడుస్తోంది. మీసాలు పెట్టుకున్న ఆడపిల్లలు గడగడా మాట్లాడుతున్నారు. హాల్లో చడీచప్పుడు లేదు. హాస్య నాటకంలో నవ్వు లేకపోతే ఇంకేముంది? కాలేజీల్లో మగపిల్లాడికి చీర కట్టి, గడ్డం కనబడనిచ్చి, పెదాలకు ఇంత రంగు పూస్తే హాలు దద్దరిల్లేది. నా చేతికి అలవాటైన దారి అదే. "నవ్వు మాటకే రావాలె మామా, మొఖానికి రావద్దు" అని స్వప్న పది రోజుల ముందే చెప్పింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పేదేమిటనుకున్నాను. నారింజ పూత వేయలేదు. కనుబొమలు నుదుటి సగందాకా లాగాను. పెదాలు దొండపండు చేశాను.

"అయిందా తమ్మీ?"

"అయిందన్నా. మస్తుగున్నవ్."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అన్న స్టేజీ మీద అడుగు పెట్టగానే హాలు విరగబడి నవ్వింది. ఈలలు కూడా పడ్డాయి. పాత నటుడు కదా, నవ్వు తగ్గేదాకా ఆగాడు. తగ్గలేదు. అత్తగారి మొదటి మాట నాటకానికే ప్రాణం, అది ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచితే ఇంకా నవ్వారు. తెరచాటు నుంచి చూస్తే నీలి గడ్డం నాకే స్పష్టంగా కనబడుతోంది. మూడో వరుసలో సునీత తల వంచుకుంది. కాసేపయ్యాక చూస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

నాటకం అయిపోగానే అన్న కొబ్బరినూనెతో ముఖం గబగబా తుడుచుకుని, బిడ్డను వెతుక్కుంటూ బయటికి పరుగెత్తాడు. తన ముఖం తాను చూసుకోనే లేదు. స్వప్న నా పెట్టె తెరిచి, వాడని నారింజ కడ్డీ తీసి నా చేతిలో పెట్టింది. "మొదటి సీన్ల మంది సప్పుడు చేస్తలేరంటె వింటాండ్లని మామా. గది సుత తెల్వదా?" అంది. కోప్పడినా బాగుండేది.

నెల తర్వాత తప్పు ఒప్పుకుందామనే రైలెక్కి నెక్కొండ పోయాను. అన్న మీసం మళ్లీ పెరుగుతోంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తనే మాట మొదలుపెట్టాడు.

"పాతికేండ్లాయె తమ్మీ. నడక పోయింది, గొంతు పోయింది. నవ్వరా మరి? ఇన్నేండ్లు నా బిడ్డకే తెల్వదనుకున్న. అది చిన్నప్పుడు ఏడ్సిందే నాయం."

నిజం చెప్పబోయాను. ఇంతలో టీ వచ్చింది. "లేదన్నా, మంచిగనే చేసినవ్" అని, టీ తాగి, తర్వాతి రైలుకే తిరిగొచ్చాను.

చెయ్యి తప్పు చేయడం ఏ వృత్తిలోనైనా ఉంటుంది. ఆ తప్పును ఇంకో మనిషి తనదనుకుని కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం మాత్రం పిరికితనం. అది నాకు తెలియడానికి ఇంత కాలం పట్టింది.

సునీతమ్మా, ఈ పత్రిక మీ బడికి వస్తుందని విన్నాను. ఆ రోజు మంది నవ్వింది మీ నాయన వేషానికి కాదు, నేను పూసిన రంగుకు. మీ నాయన నడకా పోలేదు, గొంతూ పోలేదు. ఆయన ఎదుట కూర్చుని చెప్పే ధైర్యం చాలక నీకు రాస్తున్నాను. నువ్వే ఆయనకు చదివి వినిపించు.