కుడి డోర్ మీది సొట్టలు

ఆ కారుని ఉమ్ సలాల్‌లో మా యజమాని తోటలో పావురాలకే వదిలేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. పావురాలు దాన్ని పాడుచేశాయి, నిజమే. ఎలుకలు వైర్లు కొరికేశాయి, సీట్ల కింద ఇసుక మేట వేసింది, టైర్లు నేలకి అతుక్కుపోయాయి. కానీ అది ఎవరి బండో చూడగానే తెలిసేది. ఇప్పుడు లుసైల్‌లో ఆయన కొడుకు ఆఫీసు కింద, అద్దాల గదిలో, ఏసీ చల్లదనంలో నిగనిగలాడుతూ ఉంది. ఎవరిదని అడిగితే నేను కూడా తడుముకోవాలి.

నేను మదీనత్ ఖలీఫాలో వాళ్ళ ఇంట్లో డ్రైవర్‌ని. గోదావరి జిల్లా నుంచి ఈ గల్ఫ్ దేశానికి వచ్చిన కొత్తలో నాకు అరబ్బీ ముక్క రాదు. హిందీ కూడా సినిమాల్లో విన్నంతే. ఇంటి పెద్దాయనకి తెలుగు రాదని వేరే చెప్పక్కర్లేదు. పనివాళ్ళమంతా ఆయన్ని బాబా అనేవాళ్ళం. ఆయన దగ్గర ఒక అమెరికా కారు ఉండేది. నేను వచ్చేనాటికే పాతది. రెండే డోర్లు, పొడుగాటి ముక్కు, ముదురాకుపచ్చ రంగు, లారీని లాగేయగలిగినంత ఇంజిన్. స్టార్ట్ చేస్తే తోటలో మేకలు చెల్లాచెదురయ్యేవి. కుర్రతనంలో ఓడ మీద తెప్పించుకున్నారట. ఇంట్లో కొత్త బళ్ళు ఎన్ని ఉన్నా, తోటకి వెళ్ళాలంటే మాత్రం బాబాకి అదే కావాలి.

ఇక్కడ రోడ్డుకి కుడి పక్కన నడపాలి. నాకేమో ఊళ్ళో వ్యాన్ తోలినన్నాళ్ళూ ఎడమ పక్కే అలవాటు. లైసెన్సు పరీక్షకి ముందు తోట వెనక ఇసుక బాటలో బాబా స్వయంగా నాకు నేర్పారు. పక్క సీట్లో కూర్చుని, అద్దం దించి, కుడి చెయ్యి బయటికి వేలాడేసేవారు. ఆ చేతికి లావుపాటి వెండి ఉంగరం, దానికి ఎర్ర రాయి. నాకు ఆయన మాట అర్థం కాదు, ఆయనకి నా మాట అర్థం కాదు. రెండు రోజులు అరిచి విసిగిపోయాక ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. ఉంగరంతో డోర్ మీద కొట్టేవారు. ఒక దెబ్బ కొడితే ఆపాలి. రెండు కొడితే కుడికి, మూడు కొడితే ఎడమకి. ఆగకుండా టకటకా కొట్టారంటే, నువ్వు మనిషివా గాడిదవా అని.

తర్వాత నాకు అరబ్బీ వచ్చింది. ఆయన బొంబాయి వ్యాపారం రోజుల్లో నేర్చుకున్న హిందీ కూడా మా మధ్య కలిసింది. గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళం, ఆయన ఖర్జూరాల గురించి, నేను మా కొబ్బరితోటల గురించి. అయినా దారి చెప్పాలంటే మాత్రం నోరు తెరిచేవారు కాదు. దెబ్బలే. ఏళ్ళ తరబడి కొట్టగా కొట్టగా కుడి డోర్ మీద రూపాయి బిళ్ళంత మేర రంగు లేచిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే సన్న సన్న సొట్టలు, పిండి మీద వేలితో పొడిచినట్టు. కొత్త బళ్ళలో అద్దాలు మూసి ఉంటాయి కాబట్టి సీటు పక్కన చెక్క మీద కొట్టేవారు. శబ్దం వేరు, అర్థం అదే. మిగతా డ్రైవర్లు నవ్వేవాళ్ళు, మీ ముసలాయన నిన్ను గుర్రంలా తోలుతున్నాడని. నవ్వుకోనిచ్చాను. ఈ పరాయి దేశంలో నాకంటూ ఒకరు తయారుచేసిన భాష అదొక్కటే, వాళ్ళకేం తెలుసు.

ఆయన మతిమరుపు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ముందు చనిపోయిన భార్య ఎక్కడికెళ్ళిందని అడగడం. తర్వాత నన్ను నాకంటే ముందు పనిచేసిన సూడాన్ డ్రైవర్ పేరుతో పిలవడం. కొన్నాళ్ళకి ఆ పేరూ పోయింది. అవన్నీ ఓర్చుకున్నాను. కానీ ఒకరోజు క్లినిక్ నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర నేను కావాలనే బండి నెమ్మది చేసి, రెండు దెబ్బల కోసం ఎదురు చూశాను. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. అంత దగ్గరగా కూర్చున్న మనిషిలోంచి నేను మొత్తంగా చెరిగిపోయానని ఆ రోజు తెలిసింది.

పాత జ్ఞాపకాలే ఎక్కువ కాలం నిలుస్తాయని డాక్టర్ ఆయన పెద్ద కొడుక్కి చెప్పాడట. కొడుకుని నేను సర్ అంటాను. సర్‌కి తండ్రంటే ప్రాణం, అది నేను కాదనను. బాబా తోటకి వెళ్ళడం మానేశాక అక్కడే పడి ఉన్న కారుని ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే చేసి తండ్రి ముందు నిలబెడతానన్నాడు. చూడగానే బాబాకి కుర్రతనం గుర్తొస్తుందని సర్ ఆశ. నా ఆశ ఇంకోటి. కారు గుర్తొస్తే, దాన్ని నడిపినవాడు గుర్తు రాడా? ఒక్కసారి, పోయేలోగా ఒక్కసారి, ఆయన నన్ను నేనని తెలిసి చూస్తే చాలనుకున్నాను. శుక్రవారం ప్రార్థన కూటంలో ఆ మాటే చెప్పి ప్రార్థించమన్నాను. ఒక కారు కోసం ప్రార్థన ఏంటని పాస్టర్ గారు అడగలేదు, ఆయన మంచితనం.

ఊళ్ళో ఉన్న మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

"ఆయన మిమ్మల్ని గుర్తుపట్టకపోతే పోనీండి," అంది ఫోన్లో. "మొన్న వీడియోలో మీరు మన మనవరాల్ని గుర్తుపట్టారా? పక్కింటి పిల్ల అనుకున్నారు."

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

తోటలోనే షెడ్డు వేసి పని మొదలుపెట్టారు. డెంటింగూ పెయింటింగూ చేసే మేస్త్రీ మన జగిత్యాల వైపు మనిషి. అమెరికా నుంచి పెట్టెలు పెట్టెలుగా సామాను వచ్చేది. స్క్రూ తలమీద గుర్తు ఆ కాలంది కాకపోతే సర్ వెనక్కి పంపేవాడు. పెయింటు మరీ నున్నగా వచ్చిందని ఒకసారి మొత్తం గీకించేశాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో అంత నున్నగా వేసేవాళ్ళు కాదట, డిక్కీ మూల ఒకచోట కారినట్టు ఉండేదట, అది కూడా ఉండాలట. అడుగున చెకింగ్ చేసినవాడు సుద్దతో పెట్టే గీత కూడా పాత ఫోటో చూసి గీయించాడు.

"మంచిగ జేస్తె గూడ తప్పేనన్నా," అన్నాడు మేస్త్రీ చాయ్ తాగుతూ. "గా ఫ్యాక్టరోడు జేసిన తప్పును నేను తప్పిపోకుంట జెయ్యాల్నట. గిట్ల ఎన్నడన్న ఇన్నవా?"

నవ్వాను. ఎప్పుడో ఎవడో బద్ధకంతో కార్చిన రంగు చుక్కకి ఇక్కడ ఇంత మర్యాద. అలాంటప్పుడు మా సొట్టలకి ఏదో ఒక చోటు దొరుకుతుందని పిచ్చి నమ్మకం. కుడి డోర్ వంతు వచ్చినప్పుడు మేస్త్రీయే నన్ను పిలిచాడు.

"గీ సొట్టలేందన్నా? ఎవలో మేకు వెట్టి కొట్టినట్టున్నయి."

చెప్పాను. ఒకటి, రెండు, మూడు అన్నీ చెప్పాను. అతను సుత్తి పక్కన పెట్టాడు.

"సర్‌కు జెప్పు. నువ్వు జెప్తె ఇంటడు. ఆయన వద్దంటె నేను ముట్ట."

ఆ సాయంత్రమే సర్‌కి చెప్పాను. ఆ ఒక్కచోటా వదిలేయమన్నాను. బాబా చెయ్యి అక్కడే పడుతుంది సర్, అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. మంచిగానే నవ్వాడు, దానికే నాకు ఎక్కువ బాధ.

"ఇవి ఫ్యాక్టరీలో లేవు కదా," అన్నాడు. "బాబా మొదటి రోజు చూసిన బండి కావాలి నాకు. అప్పటికి నువ్వు రాలేదు."

నిజమే. అప్పటికి నేను రాలేదు. నేను వచ్చాక జరిగిందంతా ఆ కారుకి పట్టిన తుప్పు కిందే లెక్క.

మర్నాడు మేస్త్రీ నా మొహం చూడలేక, "నువ్వు జర బయటికి పో అన్నా," అన్నాడు. వెళ్ళి ఖర్జూరం చెట్ల కింద కూర్చున్నాను. లోపలి నుంచి డోర్ రేకు మీద సుత్తి దెబ్బలు వినిపించాయి. ఒకటి. రెండు. మూడు. మళ్ళీ ఒకటి. ఏ వైపు తిరగాలో తెలియని దెబ్బలు. చెవులు మూసుకున్నాను.

పని పూర్తయింది. అందంగా ఉందని ఒప్పుకోవాలి, అబద్ధం ఎందుకు. చలికాలం, శుక్రవారం, నమాజు అయ్యాక ఇంటిల్లిపాదీ తోటలో చేరారు. మనవలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. బాబాని నేనే చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. ఉంగరం జారిపోకుండా లోపలి వైపు దారం చుట్టి ఉంది. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగారు.

"మాషా అల్లా," అన్నారు. "మంచి బండి. ఎవరిది?"

సర్ మొహం చూడలేకపోయాను. ఆయన మాత్రం వెంటనే సర్దుకుని, కూర్చుంటే గుర్తొస్తుంది, ఒక రౌండు తిప్పుకురా అన్నాడు నాతో. ఆ మాటకి నాలో ఆశ మళ్ళీ లేచింది. యల్లా బాబా, పదండి, అని పక్క సీట్లో కూర్చోబెట్టాను. అద్దం దించాను. ఇంజిన్ శబ్దానికి మేకలు పరిగెత్తాయి. తోట గేటు దాటి ఎండలో రోడ్డెక్కాం.

అప్పుడు ఆయన కుడి చెయ్యి దానంతట అదే లేచి బయటికి వెళ్ళింది. ముందు మలుపుంది, కుడికే తిరగాలి. రెండు దెబ్బలు. ప్రభువా, రెండే రెండు దెబ్బలు అనుకున్నాను. ఓరగా చూస్తే ఆయన వేళ్ళు డోర్ మీద వెతుకుతున్నాయి. ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. నున్నటి కొత్త పెయింటు మీద వేళ్ళు జారిపోతున్నాయి. కాసేపు వెతికారు. తర్వాత చెయ్యి లోపలికి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆపు," అన్నారు.

ఒక్క దెబ్బ సరిపోయేది. నోటితో చెప్పారు, ఎవరో కొత్త మనిషికి చెప్పినట్టు మర్యాదగా. పక్కకి తీసి ఆపాను.

"ఇది నా బండి కాదు," అన్నారు. "దీని యజమానికి ఇచ్చెయ్యి. నా డ్రైవర్ నాకోసం ఎక్కడో ఎండలో నిలబడి ఉంటాడు. అతనికి మన భాష రాదు. నేను పక్కన లేకపోతే ఎటు తిరగాలో తెలీదు, పాపం."

దిగాను. బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన వైపు డోర్ తెరిచి, ఆయనకి ఎదురుగా ఎండలో నిలబడ్డాను.

"వచ్చాను బాబా," అన్నాను.

ఆయన నా మొహం చూశారు. కోపం లేదు, విసుగు లేదు. తర్వాత కొంచెం పక్కకి ఒరిగి, నా భుజం మీదుగా వెనక రోడ్డు వైపు చూశారు.

"ఇంకా రాలేదు," అన్నారు. "కాసేపు చూద్దాం."

నేనూ వెనక్కి తిరిగి ఆ రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను.