తొట్టిలో చల్లిన యూరియా

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఫ్యాను గోలలో నా మాట వినపడదు. మా దొడ్లో పచ్చనీళ్ల తొట్టి ప్రాణం మీదికొచ్చిన సంగతి చెబుతాను.

మాది దర్శి పక్క పల్లె. మిరపే మా బతుకు. మా కోడలు మాత్రం దొడ్లో ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి, స్పిరులినా పెంచేది. అది నీళ్లలో పెరిగే నాచు. వడకట్టి, ఎండబెట్టి, పొడి చేస్తే బలానికి తింటారు. దానికి మట్టితో పనిలేదు. నీళ్లలో వంటసోడా, ఉప్పు, కాస్త పొటాష్ సరైన పాళ్లలో ఉంటే చాలు. ఒకసారి ఎండకి మాడిపోయింది. అప్పటి నుంచీ మా ఆయనకి ఆ తొట్టి కంటగింపే. "మళ్లీ చచ్చిందంటే పడగొట్టి అక్కడ కాయలు ఆరబోస్తా" అని తేల్చేశారు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున కోడలు వడకట్టే గుడ్డ పట్టుకుని వెళ్లి, అక్కడే నిలబడిపోయింది. నేను వెళ్లేసరికి ముక్కు పగిలే ఘాటు, కడగని పశువుల కొట్టం లాగా. చిక్కటి పచ్చదనం పసుపు తిరిగి ముద్దలు కడుతోంది.

"ఇందులో ఎవరేం వేశారత్తయ్యా?"

అరుగు మీద పళ్లు తోముకుంటున్న మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పుల్ల తీసి చెప్పారు. "నేనేనమ్మాయ్. రాత్రి చూస్తే పాలిపోయి ఉంది. రెండు దోసిళ్లు యూరియా చల్లా. మిరపకైతే తెల్లారేసరికి తేడా కనపడుద్ది."

"కనపడింది పెదమావయ్యా, చూడండి!"

"నా చేత్తో వేసిన ఎరువు ఇంతవరకూ వికటించలా."

"ఇది చేను కాదండీ. ఈ సోడానీళ్లలో అంత యూరియా పడితే అమ్మోనియా అవుతుంది. ఎండెక్కితే ఇక మిగలదు. మళ్లీ పెంచుకోడానికి విత్తనం నాచు కూడా ఇందులోదే!"

ఆయన పుల్ల పారేసి లేచారు.

ఓ మూల ఇంకా పచ్చగా ఉన్న నీళ్లని కోడలు గుడ్డలో వడకట్టింది. నేను టబ్బులో సోడా, ఉప్పు కలిపిచ్చాను. ఆ పచ్చటి ముద్దని అందులో కడిగి, మరో టబ్బులో కొత్తనీళ్లలో వదిలి, నీడకి చేర్చాం. చెడిన నీళ్లు తోడి పారబోశాం. బావగారు టబ్బు పక్కనే పీట వేసుకుని కర్రతో తిప్పుతూ కూర్చున్నారు. మర్నాడు కూడా నీళ్లు పచ్చబడలేదు.

ఆ సాయంత్రం మా ఆయన గునపంతో వచ్చారు.

"ఖాళీ అయిందిగా, ఇంకెందుకది?"

బావగారు పీట తెచ్చి తొట్టికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు.

"ఒరేయ్, చంపింది నేనురా. పిల్లదాని తప్పేముంది? ముందు నన్ను పడగొట్టు."

"లే అన్నయ్యా, అడ్డం రాకు."

"లేవను. ఏం చేస్తావో చెయ్యి."

మా ఆయన గునపం గోడకి ఆనించారు, కానీ తీసుకెళ్లలేదు.

తెల్లారి కోడలు గాజుగ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకి పట్టింది. లేత పచ్చదారాలు. నాచు బతికే ఉంది. తర్వాత రోజురోజుకీ చిక్కబడింది. తొట్టిలో మళ్లీ సోడానీళ్లు నింపి టబ్బు ఎత్తే రోజున ఒక చెవి బావగారు పట్టుకున్నారు. రెండో చెవి, ఎవరూ అడగకుండానే, మా ఆయన పట్టుకుని తొట్టిలో ఒంపారు.

వింటున్న మీ ఇంట పిల్లాపెద్దా తిన్నది ఒంటబట్టి, చేసిన పని చేతికంది, చల్లగా ఉండాలి తల్లీ.