రెండుసార్లు లాగిన తాడు

రేవులో అందరూ ఆయన్ని సుత్తాయన అనేవాళ్లు. నోరు తెరిచి నాలుగు ముక్కలు మాట్లాడడమే గగనమైన మనిషికి ఆ పేరేమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకునేవారు. పేరు మాటలను బట్టి వచ్చింది కాదు, చేతిలోని సుత్తిని బట్టి వచ్చింది. జెట్టీని మోసే స్తంభాలు నీళ్ల అడుగున ఎలా ఉన్నాయో చూసి బాగుచెయ్యడం ఆయన పని. గాలి గొట్టం నోట కరుచుకుని దిగి, స్తంభానికి పట్టిన గుల్లల్ని ఉలితో గీకి, సుత్తితో కొట్టి చూస్తాడు. గట్టి కాంక్రీటైతే సుత్తి ఎగిరి వెనక్కొస్తుంది. లోపల డొల్లయితే దెబ్బ మెత్తగా దిగిపోతుంది. అలాంటి చోట పాతదంతా చెక్కేసి చుట్టూ తొడుగు బిగిస్తే, పైనుంచి అందులోకి సిమెంటు పోస్తారు.

"ఎదురుగా ఉన్న పెళ్లాం మనసులో ఏముందో తెలీదు గానీ, స్తంభం లోగుట్టు మాత్రం ఇట్టే చెప్పేస్తాడు" అని ఆయన భార్య నలుగురిలో ఆటపట్టించేది.

ఆవిడ పని జెట్టీ మీద. ఆయన నడుముకు కట్టిన తాడు రెండో కొస ఇరవై రెండేళ్లపాటు ఆవిడ చేతిలోనే ఉంది. ఒకసారి లాగితే ఇంకాస్త తాడు వదలాలి, మూడుసార్లు లాగితే పైకి లాగెయ్యాలి. ఇది రేవులో అందరికీ తెలిసిన లెక్కే. రెండుసార్లు లాగడం మాత్రం ఆ ఇద్దరి సొంతం. పెళ్లయిన కొత్తలో ఓ పొద్దున ఊడిపోయిన చొక్కా గుండీ దగ్గర మాటా మాటా పెరిగింది. ఆవిడ మూతి ముడుచుకునే పనికొచ్చింది. దిగాక ఆయనకు చెయ్యి ఆడలేదు. ఉండబట్టలేక తాడు రెండుసార్లు లాగాడు. చాలాసేపటికి, సర్లే పోనీ అన్నట్టు, పైనుంచి ఆవిడా రెండుసార్లు లాగింది. అప్పటినుంచి స్తంభం పని కాగానే ఆయన రెండుసార్లు లాగేవాడు: ఉన్నావా? ఆవిడ రెండుసార్లు లాగేది: ఉన్నా. పని మీద పడి ఆయన మరిచిపోయిన రోజులు లేకపోలేదు. ఆయన లాగితే ఆవిడ బదులివ్వని రోజు మాత్రం ఒక్కటీ లేదు.

అలాంటి మనిషి మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆయన కంట చుక్క రాలేదు. మూడో వారంలో సుత్తి పట్టుకుని రేవుకొచ్చాడు. సూపర్‌వైజరు వద్దన్నాడు.

"ఇంట్లో ఏ మూల చూసినా ఆవిడే కనిపిస్తోంది సార్. నీళ్లలోకి కూడా దిగనివ్వకపోతే నేనెక్కడికి పోను?"

సూపర్‌వైజరు మెత్తబడ్డాడు. "సరే, ఇవాళ ఒక్క స్తంభం. తేడా వచ్చిందంటే మాత్రం ఇక దిగడం లేదు."

ఆ రోజు తాడు అల్లుడు పట్టుకున్నాడు. అతనూ నీళ్లలో దిగి పనిచేసేవాడే, జాగ్రత్త గలవాడు. "నేను చూసుకుంటా, మీరు నిశ్చింతగా దిగండి మావయ్యా" అన్నాడు.

అడుగున చల్లగా ఉంది. ఇన్నాళ్లకు ఊపిరి కుదురుగా ఆడింది. గీకాడు, కొట్టాడు, రెండుచోట్ల డొల్ల పట్టుకుని గుర్తు పెట్టాడు. ప్రాణం తేలికపడింది. ఆ తేలికలోనే చెయ్యి తనంతట తాను తాడు రెండుసార్లు లాగింది.

బదులు లేదు.

మళ్లీ లాగాడు. లేదు. ఆవిడ కళ్లు తిరిగి పడిపోయిందా? కాలు జారిందా? సుత్తి వదిలేసి, మెల్లగా రావాలన్న సంగతే మరిచి, ఒక్క ఉదుటున పైకి దూసుకొచ్చాడు. ఒత్తిడి మారిన విసురుకు ముక్కులోంచి, చెవిలోంచి నెత్తురు కారుతోంది. ఇనప నిచ్చెన పట్టుకుని ముఖానికున్న అద్దం లాగేశాడు.

"మీ అత్తయ్యకేమైందిరా? తాడు నీ చేతిలో ఉందేం?"

అల్లుడు "మావయ్యా..." అని ఆగిపోయాడు. ఆ ముఖం చూశాక గాని ఆవిడ లేదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు. సగం ఒళ్లు నీళ్లలోనే ఉండగా, నిచ్చెన మెట్టుకు తల ఆనించి, మూడు వారాల ఏడుపు ఒక్కసారే ఏడ్చాడు.

ఒక చెవికి వినికిడి పోయింది. ఇక దిగకూడదన్నాడు డాక్టరు. సూపర్‌వైజరు ఆయన్ని తాడు పట్టుకునే పనిలో పెట్టాడు. మొదటి రోజు అల్లుడే దిగాడు. పైనుంచి చూడ్డానికి నాలుగు బుడగలు తప్ప ఏమీ లేవు. తాడు కదలదు. గాలి పంపే కంప్రెసరు మోతలో మనిషి ఉన్నాడో లేడో తెలియదు. పక్కన టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. ఆవిడ డబ్బా కూడా చాలా రోజులు అలాగే ఇంటికొచ్చేది. ఆకలి లేదనేది. తను తాడు లాగడం మరిచిన సాయంత్రాల్లో అయినదానికీ కానిదానికీ విసుక్కునేది. ఏం రోగమని ఈయన కసురుకునేవాడు.

తాడు రెండుసార్లు కదిలింది. ఆ రోజు తన చేతిలో తాడు కదిలిన తీరును బట్టి, చెప్పకుండానే అల్లుడు నేర్చుకున్నాడు.

ఆయన వెంటనే రెండుసార్లు లాగాడు. తర్వాత తాడును ముఖానికి అదుముకుని, "నేను మర్చిపోయిన రోజుల్లో ఎలా నిలబడ్డావే ఇక్కడ?" అన్నాడు. తాడు అవతల ఉన్నది అల్లుడు.