పరుగుకు ముందే పతకం

మస్కట్ శివార్లలో మా ఇండియన్ స్కూల్లో చదివినన్నాళ్ళూ నేను చెట్టునే. వార్షికోత్సవంలో ఏ డాన్సు పెట్టినా దానికో చెట్టు కావలసి వచ్చేది. ఆరో క్లాసుకే నేను టీచర్ల భుజాలు దాటి పెరిగాను కాబట్టి ఆ చెట్టు నేనే అయ్యేదాన్ని. పండ్లతోట డాన్సులో మామిడిచెట్టు, ఒమన్-ఇండియా స్నేహం డాన్సులో ఖర్జూరపు చెట్టు. అట్టముక్కల ఆకులు చేతులకు కట్టుకుని, పాట అయిపోయేదాకా చేతులు పైకెత్తి నిలబడాలి. ముక్కు దురద పెట్టినా గోక్కోకూడదు. "చెట్లు గోక్కుంటాయా?" అని అడిగేది మా డాన్స్ మిస్.

నా కాళ్ళకేమో నిలబడటం చేతకాదు. నాకు పరుగంటే ఇష్టం. అందులోనూ ఎనిమిది వందల మీటర్ల పరుగంటే ప్రాణం. వంద మీటర్లదేముంది, తుమ్మినంతలో అయిపోతుంది. ఎనిమిది వందలకు ఓపిక కావాలి, కాస్త పొగరూ కావాలి. ఆ రెండోది నా దగ్గర బోలెడుండేది. మా నాన్న జగిత్యాల వైపు నుంచి వచ్చి రుసైల్‌లో ఒక కంపెనీలో స్టోర్ కీపర్‌గా పనిచేసేవాడు. ఎనభైల చివర్లో ఆయనకు ఫ్యామిలీ వీసా దొరికి అమ్మనూ నన్నూ పిలిపించుకున్నాడు. పొద్దున్నే ఆయన కంపెనీ బస్సు కోసం రోడ్డు మీదికి నడిచేవేళకు నేను వాదీ గట్టు మీద ఒక పరుగు ముగించి వచ్చేదాన్ని. వాదీ అంటే వాన పడితే తప్ప నీళ్ళు కనపడని వాగు. అక్కడ మేకలు తప్ప నన్నెవరూ చూసేవాళ్ళు కాదు.

స్కూల్లో చూపిద్దామంటే అక్కడ స్పోర్ట్స్ డే ఉండేది కానీ స్పోర్ట్స్ ఉండేవి కావు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, మా స్పోర్ట్స్ డేలో ఆటలూ అంతే. ప్రార్థన, స్వాగత నృత్యం, జెండా, మార్చ్ పాస్ట్, కాగడా, ఉపన్యాసం, రింగులతో డ్రిల్లు, ఒకరి మీద ఒకరెక్కే పిరమిడ్డు, మళ్ళీ ఉపన్యాసం. వీటి మధ్యలో చిన్నపిల్లల నిమ్మకాయ-చెంచా పందెం, తల్లులకు కుర్చీలాట. మార్చ్ పాస్ట్ కోసం రెండు నెలలు ఎండలో కాళ్ళు టపటపలాడించేవాళ్ళం. పరుగు కోసం ఎవరూ ఒక్క పూట ప్రాక్టీసు చేయించలేదు. పిల్లలకు పరిగెత్తడం ఎలాగూ వచ్చుగదా, నేర్పేదేముందని మా పీటీ సార్ సిద్ధాంతం.

ఎనిమిది వందల మీటర్లది కార్యక్రమాల కార్డులో ఎప్పుడూ ఆఖరి అంశం. అది వచ్చేలోపు చీఫ్ గెస్ట్ గారు వెళ్ళిపోయేవారు. చీఫ్ గెస్ట్ వెళ్ళాక ఇంకేం స్పోర్ట్స్ డే? అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా అంటారు. మా స్కూల్లో ఆగేది. అయ్యవారు వెళ్ళిపోతే అమావాస్యను రద్దు కూడా చేసేవాళ్ళు. ఎనిమిదో క్లాసులో నేను గీత మీద నిలబడి ఉండగానే పందెం రద్దయింది. తొమ్మిదిలో బూట్ల లేసులు కట్టుకుంటుండగా రద్దయింది. ఇక మిగిలింది పదో క్లాసు. అదయ్యాక ఇంటర్ చదవడానికి నన్ను హైదరాబాదు హాస్టల్లో వేస్తామని ఇంట్లో తేల్చేశారు. అంటే ఆ ఏడాది పరిగెత్తకపోతే ఇక ఆ స్కూల్లో నేను చెట్టుగానే మిగిలిపోతాను.

స్పోర్ట్స్ డేకి వారం ముందు హీట్స్, అంటే అసలు పందేనికి ముందు వడపోత పరుగులు, పెట్టారు. స్కూలు వెనక కంకర నేల మీద, బస్సులు నిలిపే చోట. అందులో నేను ఫస్ట్ వచ్చాను. సంతోషపడాల్సింది, పడలేకపోయాను. కారణం నా క్లాసులోనే ఉన్న ఒక కడప పిల్ల. వాళ్ళ నాన్న మా స్కూలు బస్సు డ్రైవరు, అమ్మ అక్కడే చిన్నపిల్లల క్లాసుల్లో ఆయా. ఆ పిల్ల సన్నగా, మాటాపలుకూ లేకుండా ఉండేది. హీట్స్‌లో చివరి మలుపుదాకా నా పక్కనే వచ్చింది, ఊపిరి చప్పుడైనా లేకుండా. మలుపులో కంకర జారి పడింది. లేచి మోకాళ్ళు దులుపుకుని నాలుగో స్థానంలో వచ్చింది.

జారకపోయి ఉంటే? ఈ ప్రశ్న నన్ను వారమంతా అన్నం తిననివ్వలేదు. చెప్పాను కదా, పొగరు. ఎవరో కింద పడితే దొరికిన గెలుపు నాకు గొంతు దిగదు. అసలు పందెం రానీ, తేల్చుకుందాం అనుకున్నాను.

ఆ గురువారం మధ్యాహ్నం స్పోర్ట్స్ డేకి ఒక క్లబ్బు వాళ్ళ గ్రౌండు తీసుకున్నారు. నాన్న హాఫ్ డ్యూటీ చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చీఫ్ గెస్ట్ ఖురంలో పెద్ద పెద్ద దుకాణాలున్న ఆసామి. గంట ఆలస్యంగా వచ్చాడు. ఆయన వచ్చాక స్వాగత నృత్యాన్ని మళ్ళీ మొదటినుంచి ఆడించారు. కాగడా రెండుసార్లు ఆరిపోయింది, రెండుసార్లూ చప్పట్లు కొట్టాం. డాన్స్ మిస్ గ్రౌండంతా నెమళ్ళను దింపింది. స్పోర్ట్స్ డేలో నెమళ్ళేమిటని పీటీ సార్ అడిగారట. వార్షికోత్సవం డాన్సుల్లో మీ పిరమిడ్డు పెట్టనివ్వలేదా అని ఆవిడ అన్నదట. ఆ ఒప్పందం ప్రకారం నెమళ్ళు వంద మీటర్ల గీతలు చెరిగిపోయేదాకా ఆడాయి.

పొద్దు వాలుతుండగా స్కూలు కమిటీ ఛైర్మన్ గారు మైకు అందుకున్నారు. గర్వంగా చెప్పుకోవలసింది ఏమిటంటే ఆయన మన తెలుగువారే. చీఫ్ గెస్ట్ గారికి ఖురంలో ఇంకో ఫంక్షన్ ఉందని, బహుమతులన్నీ వారి చేతుల మీదుగానే జరగాలని, కాబట్టి ముందు బహుమతులు ఇచ్చేసి మిగతా పోటీలు తరువాత జరుపుకుందామని ప్రకటించారు. పీటీ సార్ వేదిక దగ్గరికి ఉరికి, జరగని పోటీకి బహుమతి ఎవరికివ్వాలని అడిగారు. మైకు నోటి దగ్గరనుంచి తీయకుండానే ఛైర్మన్ గారు జవాబిచ్చారు కాబట్టి అందరం విన్నాం.

"హీట్స్‌లో ఎవరొచ్చారో వాళ్ళకే ఇచ్చేయండి మాష్టారూ. ఎలాగూ వాళ్ళేగా గెలిచేది."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నా పేరు పిలిచారు. వెనకనుంచి ఎవరో తోశారు. మూడు మెట్ల చెక్కపెట్టె మీద నడిమి మెట్టు ఎక్కించారు. చీఫ్ గెస్ట్ నా మెడలో బంగారు రంగు మెడల్ వేసి, ఫోటో కోసం నా చెయ్యి పట్టుకుని ఊపుతూ ఇంగ్లీషులో అడిగాడు.

"ఎంత టైములో పరిగెత్తావమ్మా?"

"నేనింకా పరిగెత్తలేదు సార్."

"వెరీ గుడ్. ఇలాగే కొనసాగించు," అన్నాడు.

ఆయన కారెక్కడానికి వెళితే ఆయన వెనక ఛైర్మన్, ఛైర్మన్ వెనక కమిటీ, కమిటీ వెనక ఫోటోగ్రాఫరు వెళ్ళారు. మిగిలినవాళ్ళు సమోసాల బల్ల వైపు కదిలారు. పిల్లలు బస్సుల్లో కూర్చోవాలని మైకులో చెప్పారు. నేను పీటీ సార్ దగ్గరికి వెళ్ళి, ఎనిమిది వందల మీటర్లు ఎప్పుడు సార్ అని అడిగాను.

"నీకు ఫస్ట్ వచ్చింది కదా," అన్నారాయన.

"పరిగెత్తకుండానే వచ్చింది సార్."

"అదే నేనూ చెప్పేది. కష్టపడకుండానే వచ్చింది."

ఒళ్ళు మండిపోయింది. ఆయనా పాపం మంచివాడే. రెండు నెలలు మార్చ్ పాస్ట్ చేయించి ఆయన గొంతు కూడా పోయింది. కానీ ఆ సమయంలో ఆయన చేతిలోని సమోసా ప్లేటు లాగి పారేయాలనిపించింది. నాన్న నా సంచి పట్టుకుని వచ్చాడు. మెడల్‌ను వేళ్ళతో తిప్పి చూసి మురిసిపోయాడు.

"గెలిసినవ్ గద బిడ్డా. ఇంక ఉరుకుడెందుకు? నడువ్, అమ్మకు సూపిద్దాం."

"నేనేం గెల్వలే నాయినా. జర ఆగు, ఉరికొస్త," అన్నాను.

రెండో మెడల్ పిల్లను అడిగాను. వచ్చింది కదా, మళ్ళీ చెమటలెందుకంది. మూడో మెడల్ పిల్ల, పరిగెత్తితే తనకు నాలుగో స్థానం రావచ్చు, అప్పుడు మెడల్ వెనక్కి ఇవ్వాలా అని అడిగింది. నిజం చెప్పొద్దూ, మా స్కూల్లో లెక్కలు బాగా చెప్పేవాళ్ళు. ఇక మిగిలింది ఏ మెడలూ రాని కడప పిల్ల. వాళ్ళమ్మతో కలిసి నెమలి తోకలు మూటగడుతోంది.

"ఉరుకుదామా?" అన్నాను.

ఆ పిల్ల వాళ్ళమ్మ మొహం చూసింది, నా మెడల్ చూసింది. మూట కింద పెట్టింది.

"దా," అంది.

విజిల్ ఊదేవాళ్ళు లేరు. ఆ పిల్లే ఒకటి రెండు మూడు అంది. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. ఒక మలుపులో పనివాళ్ళు కుర్చీలు మడిచి పేరుస్తున్నారు, వాటిని చుట్టి పోవాల్సి వచ్చింది. మొదటి రౌండు నేనే ముందున్నాను. మెడల్ ఎగిరెగిరి గడ్డానికి తగులుతుంటే పళ్ళతో కరిచిపట్టుకున్నాను. రెండో రౌండులో ఆ పిల్ల పక్కకు వచ్చింది. అదే ఊపిరి, చప్పుడు లేని ఊపిరి. కుర్చీల మలుపు దగ్గర నన్ను దాటింది. మెడల్ వదిలేసి ఉన్న బలమంతా పెట్టాను. మెడల్ అడ్డం వచ్చి ఓడిపోయానని మాత్రం చెప్పను, అంత అబద్ధం నాకు చేతకాదు. నాకంటే ఆ పిల్ల బాగా పరిగెత్తింది. గీత దగ్గరికి నేను చేరేసరికి తను వెనక్కి తిరిగి నాకోసం నిలబడి ఉంది.

ఏడుపొచ్చింది. ఇసుకలో కూర్చుని ఏడ్చాను కూడా. ఆ పిల్ల మీద కోపం, నా కాళ్ళ మీద కోపం. కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక చూసుకుంటే వారం రోజులుగా గొంతులో అడ్డుపడ్డది లేదు. లేచి మెడల్ తీయబోయాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది. నీ పేరు పిలిచి ఇచ్చినారు, నేనేసుకుంటే దొంగతనం అంటారు అంది. సమోసాల బల్ల దగ్గరికెళ్ళి పీటీ సార్‌కు చెప్పాను, ఇద్దరం పరిగెత్తాం సార్, ఫస్ట్ వచ్చింది ఈ అమ్మాయి అని. నేను చూడలేదు అన్నారాయన. నిజమే, ఆయన వీపు గ్రౌండు వైపుంది. నాన్న కూడా మైకు తీగలు చుట్టే తెలుగాయన ఎవరో కనిపిస్తే ఊరి సంగతుల్లో పడిపోయాడు. అంతమంది కోసం జరిగిన పండగలో జరిగిన ఒకే ఒక్క అసలైన పందేన్ని కుర్చీలు పేర్చేవాళ్ళు, ఆయమ్మ తప్ప ఎవరూ చూడలేదు.

గోడ అవతల బస్సు హారన్ కొట్టింది. మేమిద్దరం, వెనక మూటతో ఆయమ్మ, నా సంచితో నాన్న బయటికి వెళ్ళాం. ఆ పిల్ల వాళ్ళ నాన్న స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. స్పోర్ట్స్ డేలన్నీ ఆయనకు ఈ గోడ ఇవతలే జరిగేవి, బస్సు వదిలి రాకూడదు. నాన్న ఆగలేకపోయాడు.

"మా బిడ్డకు గోల్డ్ మెడలొచ్చింది భాయ్," అన్నాడు, నా భుజం మీద చెయ్యేసి.

"ముబారక్ అమ్మా," అన్నాడు డ్రైవరు. ఆయన మొహం నిండా సంతోషమే. "మా పాప చెప్తానే ఉంటాది, నువ్వు గట్టిదానివని." తరువాత కూతురి వైపు తిరిగి మెల్లగా అడిగాడు, "నువ్వేమైతివి?"

ఆ పిల్ల తలొంచుకుని మోకాలి మీది ఇసుక దులుపుకుంది. ఆయమ్మ కూతుర్నీ చూసింది, నా మెడనూ చూసింది. స్కూల్లో పనిచేసేవాళ్ళు మెడల్ ఉన్న పిల్ల ముందు ఏం మాట్లాడతారు?

నా నోరు అవసరం లేని చోటల్లా లేచే నోరు. అప్పుడు మాత్రం లెక్కలు వేసుకుంది. నాన్న చెయ్యి భుజం మీద బరువుగా, వెచ్చగా ఉంది. ఆయన మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ ఎప్పుడు తెప్పిస్తానో తెలియదు.

"ఇప్పుడే ఉరికినం అంకుల్," అన్నాను. "మీ పాప ఫస్ట్. నేను సెకండ్."

నాన్న నా భుజం తట్టలేదు. చెయ్యి తీయనూ లేదు.

"సచ్చీ?" డ్రైవరు వాళ్ళింటి ఉర్దూలో కూతుర్ని అడిగాడు, నిజమేనా అని.

"హౌ అబ్బా," అవునంది ఆ పిల్ల, నేల మీదనుంచి కళ్ళెత్తకుండా.

డ్రైవరు పక్కనుండే ముందు సీటు కమిటీ వాళ్ళ పిల్లలది. అలాగని ఎక్కడా రాసి లేదు, కానీ అందరికీ తెలుసు. ఇన్నేళ్ళలో తన కూతుర్ని ఆయన ఒక్కసారి కూడా అందులో కూర్చోనివ్వలేదు. ఆ పిల్ల ఎప్పుడూ వెనక, స్టెప్నీ టైరు పక్కన. ఆ సాయంత్రం ముందు సీట్లో ఛైర్మన్ గారి అమ్మాయి నెమలి వేషంలో కూర్చుని ఉంది. డ్రైవరు ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"అమ్మా నెమలీ, రవ్వంత లేసి ఎనక్కి పో తల్లీ. ఫస్టొచ్చిన పిల్ల కూచోవల్ల ఈడ."

నెమలి నోరు తెరిచి ఏదో అనబోయింది. ఆయన మొహం చూసి, ఈకలు సర్దుకుంటూ లేచి వెనక్కి పోయింది.