సమ్మవ్వ చుట్ట, శంకరవ్వ తంబాకు

శంకరవ్వ కొట్లాడి గెలిచిన మొదటి గెలుపు, బీడీలు చుట్టే పనికిచ్చే కార్డు. కోరుట్ల పక్కనున్న ఆ ఊళ్లో కార్డు కావాలంటే మొగుణ్ణి తోడు తెమ్మనేవాడు ఆకూ తంబాకూ ఇచ్చి పని చేయించుకునే బీడీల టేకేదారు. ఆమె భర్త మొండయ్య అప్పటికే మస్కట్ వెళ్లాడు. "తోలుకరావాల్నంటే నేను మస్కట్ పోవాలె, టికెట్ నువ్వు తియ్యి" అంటూ వాడి గడపలో కూర్చుంది. చివరికి తన పేరుమీదనే కార్డు తెచ్చుకుంది. తర్వాత స్లాబు ఇల్లు కట్టింది. టేకేదారు మంచి బీడీలను కూడా పనికిరావని ఏరి పారేస్తుంటే వాడకట్టు ఆడవాళ్లను కూడగట్టి వాడి నోరు మూయించింది. బిడ్డ అలేఖ్యను జగిత్యాలలో డిగ్రీ చదివించింది. ఇవన్నీ ఊరికి తెలుసు.

తెలియనిది ఒక్కటే. మొండయ్య ఫోన్లు ఆగిపోయిన ఏడాది నుంచి, చాటలోని తంబాకు చిటికెడు ఆమె దవడలోకి పోతోంది. ఒళ్లు అలిసినా చేతులు ఆగకూడదంటే అది కావాలి. మెడలో పుస్తె ఉన్న ఆడది తంబాకు తింటే అత్తింటివాళ్లు మాటలంటారు. పక్కింటి సమ్మవ్వ మాత్రం భర్త పోయిన దగ్గర్నుంచి అరుగు మీదే చుట్ట తాగేది. ఆమెనెవరూ ఏమనేవారు కాదు. శంకరవ్వ గుట్టు తెలిసింది ఆమె ఒక్కదానికే.

"నన్ను అడిగెటోడు పోయిండు చెల్లె," అనేది సమ్మవ్వ. "నిన్ను అడిగెటోడు ఉన్నడో లేడో గదే తెల్వకపాయె. జర తలుపు చాటుకే తిను."

"ఊకో అక్కా. నీది నోరా, పొగగొట్టమా."

నిరుడు ఊరి బడిలో నోటి క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. తంబాకు అలవాటుందా అని నర్సమ్మ అందరి ముందూ అడిగింది. భర్తలు పోయినవాళ్లు ఉందన్నారు. వాళ్ల నోళ్లలో టార్చి వేసి చూశారు. భర్తలున్నవాళ్లు లేదన్నారు. వాళ్లను పంపేశారు. దవడలో అప్పటికే పుండున్న శంకరవ్వ కూడా లేదనే చెప్పి ఇంటికొచ్చింది. సమ్మవ్వ నోట్లో ఏమీ లేదని తేలింది.

ఈ చలికాలానికి మెతుకు మింగడమే కష్టమైంది. అది చూసి అలేఖ్య కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయింది. తోడుగా మొండయ్య మేనత్త అనసూర్య కూడా వచ్చింది. డాక్టరు అదే మాట అడిగాడు. శంకరవ్వ అనసూర్య వైపు చూసింది. దాచే ఓపిక కూడా లేకపోయింది.

"తింట సారు. శానేండ్ల సంది తింటున్న."

"మొండిగానికి తెలిస్తే ఏమంటడే?" అంది అనసూర్య.

"చెప్పు అత్తమ్మా. తిట్టెతందుకన్న వస్తడేమో."

ముక్క తీసి చేసిన పరీక్షలో అది క్యాన్సర్ పుండని తేలింది. దవడ కొంత తీసేస్తే బతుకుతుందన్నారు. ఆపరేషనుకు అలేఖ్యతో హైదరాబాద్ బస్సెక్కింది. కుట్లు విప్పి ఇంటికి పంపేది ఫిబ్రవరి పందొమ్మిదో తారీఖున అని డాక్టర్లు చెప్పారు.