తెరమీద లేని బోటు

గాలి కాస్త గట్టిగా వీచిన రోజున నా ఫోన్ మోగుతుంది. దివిసీమ వైపు పుట్టిల్లున్న ఒకావిడ. "మేడమ్ గారూ, మా బోటు వచ్చిందేమో చూసి చెప్తారా అండీ?" అంటుంది. ఊళ్లో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు అడుగుతుందో చాలాకాలం అర్థం కాలేదు.

నేను బందరులో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి వెబ్ పేజీలు తయారుచేసే మనిషిని. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివాను. మా ఇంట్లో అయితే టీచర్లు, లేకపోతే గుమాస్తాలు. కంప్యూటర్ పట్టుకున్న మొదటిదాన్ని నేనే కాబట్టి కాస్త తలపొగరు కూడా ఉండేది. గిలకలదిండి రేవులో వేలం చూసే ఒకాయన నాన్నకు స్నేహితుడు. నేను మావయ్యా అని పిలుస్తాను. ఏ బోటు వచ్చిందో, ఏం తెచ్చిందో అందరూ ఫోన్లో చూసుకునేలా ఒక పేజీ చేసి పెట్టమని ఆయన అడిగారు. సరదాగా చేసిచ్చాను.

బోటు రేవుకు చేరగానే మావయ్య దాన్ని పేజీలో ఎక్కిస్తారు. పైన రొయ్య, పీత, చేప అని మీటలుంటాయి. రొయ్య నొక్కితే రొయ్యలు తెచ్చిన బోట్లే మిగులుతాయి, తక్కినవి కనపడవు. దాన్నే మేం ఫిల్టర్ అంటాం. మొదట్లో ఫిల్టర్ నొక్కి ఉంటే, "రొయ్యల బోట్లు మాత్రమే చూపిస్తున్నాం" అని తెర మీద ఒక పసుపుపచ్చ పట్టీ కనపడేది. ఆ పట్టీ నా కంట్లో నలుసైంది. చిన్న ఫోన్లలో రెండు బోట్లు పట్టే చోటు తినేస్తోందని తీసిపారేశాను. దాని బదులు మూలన ఫిల్టర్ గుర్తుగా గరాటు బొమ్మ, ఫిల్టర్ నొక్కి ఉందనడానికి దాని మీద ఓ ఎర్ర చుక్క పెట్టాను. పైగా, చివరిసారి నొక్కిన ఫిల్టర్‌ని పేజీ గుర్తుపెట్టుకుని, మళ్లీ తెరిచినప్పుడు అదే చూపించేలా కూడా చేశాను. అది నా తెలివి.

అమ్మకు చూపిస్తే కళ్లజోడు సవరించుకుని, "ఆ చుక్కేమిటే, ఫోన్ మీద కుంకుమ పడిందా?" అంది.

"నీకు తెలీదులే అమ్మా" అన్నాను. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడమే బతుకంతా పనిగా పెట్టుకున్న టీచరమ్మతో నేనన్న మాట అది.

తుఫాను హెచ్చరిక వచ్చి బోట్లన్నిటినీ వెనక్కి రమ్మన్న రోజు సాయంత్రం నేను కంపెనీ మీటింగులో ఉన్నాను. ఫోన్ మోగింది. పేజీ అడుగున నా నంబరే ఉంటుంది మరి.

"మేడమ్ గారూ, మా ఆయన బోటు పేజీలో కనపడట్లేదండీ. రొయ్యలకెళ్లినవి వచ్చేసినయ్యండీ. నేను మొక్కు తీర్చుకోడానికొచ్చి మోపిదేవి దగ్గర మా అమ్మోళ్లింట్లో ఉన్నానండీ. ఆయన ఫోన్ సముద్రంలోకి తీసుకెళ్లరు గదండీ, నా దగ్గరే ఉంది, దాంట్లోనే చూస్తన్నానండీ. రేవులో ఎవరూ ఎత్తట్లేదండీ."

నా ముందే కంప్యూటర్ ఉంది. పేజీ తెరిస్తే చాలు. తెరవలేదు. మీటింగులో అవతలివాళ్లు నాకోసం ఆగి ఉన్నారన్న విసుగు ఒక్కటే ఉంది నాలో. "పేజీలో లేకపోతే ఇంకా రాలేదనేనమ్మా. వస్తే కనపడుతుంది" అని పెట్టేశాను.

మర్నాడు మావయ్య చెప్పారు. ఆ బోటు మధ్యాహ్నానికే వచ్చేసిందట. ఆవిడ మొగుణ్ణి దాచింది ఆ మొగుడి ఫోనే. ఎవరికి రొయ్య పడిందో చూద్దామని అతను ముందెప్పుడో రొయ్య మీట నొక్కాడు, నా పేజీ దాన్ని భద్రంగా గుర్తుపెట్టుకుంది. ఈసారి అతని బోటు తెచ్చింది చేప. ఎర్ర చుక్క మూలన వెలుగుతూనే ఉంది పాపం, దాని అర్థం నాకు తప్ప ఎవరికీ తెలీదు.

నా మాట విన్నాక ఆవిడ ఇంట్లో ఉండలేకపోయింది. తమ్ముడి బండెక్కి వానలో గిలకలదిండికి బయల్దేరింది. కాలవగట్టు మీద బండి జారి, ఎడమ మణికట్టు విరిగింది. విరిగిన చేతిని పొట్టకు అదిమిపట్టుకుని రేవులో దిగేసరికి అతను బోటు మీద కూర్చుని పులుసన్నం తింటున్నాడు.

"ఫోన్ చెయ్యొచ్చు కదరా" అని మావయ్య కేకలేస్తే, "పేజీలో పడింది గదండీ, చూసుకుంటదిలే అనుకున్నా" అన్నాడట. ఇదివరకైతే ముందు ఒడ్డుకు చేరినవాళ్లు ఎవరి ఫోనో అడిగి, వెనకవాళ్ల ఇళ్లకు కూడా కబురు చెప్పేవాళ్లు. నా పేజీ వచ్చాక ఆ అలవాటు పోయింది. ఈ సంగతి విన్నప్పుడు నాకు చెయ్యి విరిగిన సంగతి కన్నా ఎక్కువ సిగ్గేసింది.

పళ్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. తప్పు నాదేనని చెప్పాలని దారంతా వల్లెవేసుకున్నాను. నన్ను చూడగానే ఆవిడ కట్టు చేత్తోనే లేవబోయింది. "నాకే సరిగా చూడ్డం రాలేదండీ. సదువు లేదు గదా" అంది. పక్కనే ఉన్న మొగుడు నవ్వాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. "చెయ్యి జాగ్రత్తమ్మా" అని పళ్లు అక్కడ పెట్టి వచ్చేశాను. చదువుకున్నదాన్ని కదా, తప్పు చదువులేనిదాని మీదకు పోతుంటే హాయిగా చూస్తూ ఊరుకున్నాను.

ఆ వారమే పట్టీని తిరిగి పెట్టాను, ఇంకాస్త పెద్దగా. "ఇవి కాక వచ్చిన బోట్లు ఇంకా ఉన్నాయి, అన్నీ చూడండి" అన్న మీట చేర్చాను. పేజీ జ్ఞాపకశక్తి తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ చెయ్యి కూడా నాది కాదు.

ఆ తరవాతే ఆవిడ ఫోన్లు మొదలయ్యాయి. పుట్టింట్లో ఉన్నప్పుడు గాలి లేస్తే చాలు, నాకే చేస్తుంది. నేను పేజీ చూడను. మావయ్యకు ఫోన్ చేసి, రేవులోకి నడిచివెళ్లి కళ్లతో చూసి చెప్పమంటాను. ఆయన విసుక్కుంటూనే వెళ్తారు. ఆవిడ నన్ను అంతలా నమ్ముతుంటే, ఆ నమ్మకం నాకు దొంగసొమ్ములా ఉండేది.

మొన్న గాలివానలో ఫోన్ వచ్చినప్పుడు ఇక ఉండబట్టలేక అనేశాను. "అమ్మా, ఆ రోజు నీకు చూడటం రాక కాదు. కనపడకుండా చేసింది నేనే. నువ్వు అడిగినప్పుడు కూడా నేను చూడకుండానే రాలేదని చెప్పాను."



"తెలుసండీ" అంది. "ఆ రాత్రే మా ఆయన ఫోన్ చూసి చెప్పాడు. ఇంటికొచ్చిన మనిషిని ఏమంటామని ఊరుకున్నానండీ."

"మరి నన్నే ఎందుకు అడుగుతావమ్మా?"

"మీరు ఒకసారి చూడకుండా చెప్పారు గదండీ. ఇంక చూడకుండా చెప్పరని." ఆగి, "ఇంతకీ వచ్చిందా అండీ?" అంది.

నేనింకా మావయ్యకు ఫోన్ చెయ్యనేలేదు. "చూసి చెప్తానమ్మా" అన్నాను. ఈసారి మావయ్యను పంపలేదు. గొడుగు తీసుకుని నేనే రేవుకు బయల్దేరాను.